మామ, మాము, మామా: ఒక పిలుపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా సరిహద్దులోని గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాల్లో పిల్లలకు చుట్టరికాల పేర్లు రెండు భాషల్లో ఒకేసారి అలవాటవుతాయి. ఇంట్లో వినిపించే ‘మామ’కూ వీధిలో వినిపించే ఒడియా ‘మాము’కూ పలుకులో తేడా కొంచెమే, అర్థంలో మాత్రం తేడా పెద్దది. అదే పలుకు చైనాలో తల్లి అనీ, జార్జియాలో తండ్రి అనీ తెలిసినప్పుడు, ఈ మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నుంచి ఎవరికి వెళ్లింది అన్న సందేహాలు కలుగుతాయి. అలాంటి ప్రశ్నలకు సమాధానాలు ఇవి.

తెలుగులో ‘మామ’ అంటే సరిగ్గా ఎవరు?

ముగ్గురు. తల్లితో తోడబుట్టినవాడు, మేనత్త భర్త, భార్యకు గాని భర్తకు గాని తండ్రి. బయటివారికి ఇవి మూడు వేరువేరు చుట్టరికాలుగా కనిపిస్తాయి గాని, మేనరికం వాడుకలో ఉన్న సమాజంలో ఈ మూడూ ఒకే మనిషి దగ్గర కలిసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. తల్లి అన్నదమ్ముల కూతురిని పెళ్లి చేసుకుంటే మేనమామే పిల్లనిచ్చిన మామ అవుతాడు. మేనత్త కూతురిని చేసుకుంటే మేనత్త భర్త ఆ స్థానంలోకి వస్తాడు. అందువల్ల తెలుగులో ‘మామ’ అన్నది వియ్యమందదగిన ఇంటి పెద్దకు పేరు అనుకుంటే ఆ మాట నడక తేలికగా అర్థమవుతుంది. పినతల్లి భర్తను మనం ఎన్నడూ మామ అనకుండా చిన్నాన్న లేదా బాబాయి అంటాము. ఆయన పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గనుక ఆ ఇంటితో వియ్యం కుదరదు. మేనరికాలు ఈనాడు బాగా తగ్గిపోయిన కుటుంబాల్లో కూడా ఈ లెక్క మాటల్లో చెక్కుచెదరలేదు.

ఈ పద్ధతిని అమెరికా పండితుడు లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రచురించిన చుట్టరికాల అధ్యయనంలో తమిళ, తెలుగు పదాల పట్టికలతో సహా వివరించాడు. ఆ తరువాత మానవశాస్త్రజ్ఞులు దీనికి ద్రావిడ బంధుత్వ పద్ధతి అనే పేరును స్థిరపరిచారు.

మా ఊళ్లో పెద్దవాళ్లు ‘మామ’ అనకుండా ‘మావ’ అంటారు. అది తప్పా?

తప్పు కాదు. రెండు అచ్చుల నడుమ పడిన మకారం పెదవులు పూర్తిగా మూతపడకుండా, ముక్కుతో పలికే వకారంగా మారడం తెలుగు వాడుకభాషలో విస్తృతంగా ఉన్న మార్పు. కన్నడంలో ఈ మాట రాతలో కూడా ‘మావ’గానే స్థిరపడింది. శ్రీకాకుళం, పాతపట్నం, పర్లాకిమిడి వైపు పల్లెల్లో భార్య భర్తను ‘మావా’ అని పిలవడం కూడా ఈ చుట్టరికపు లెక్కలో భాగమే: తల్లి తమ్ముడినే పెళ్లాడే ఆచారం ఉన్నచోట భర్త ముందునుంచీ మామే, పెళ్లి తరువాత కొత్త పిలుపు వెతుక్కోవలసిన పని లేదు.

ఒడియా ‘మాము’కూ అదే అర్థమా?

కాదు. ఒడియాలో మాము అంటే తల్లి అన్నదమ్ముడు మాత్రమే. ఆయన భార్య మాయిఁ. తల్లి పుట్టిల్లు మాముఘర. భార్య తండ్రికి గాని భర్త తండ్రికి గాని శశుర అనే వేరే మాట ఉంది. అది సంస్కృత ‘శ్వశుర’ నుంచి వచ్చింది. మేనత్త భర్త పిఉసా, పెద్దమ్మ లేదా పినతల్లి భర్త మఉసా. తెలుగులో మామ అన్న ఒక్క పేరు కింద కూర్చున్న ముగ్గురూ ఒడియాలో మూడు పేర్ల కింద విడివిడిగా కూర్చుంటారు.

కారణం పెళ్లి నియమంలో ఉంది. ఉత్తరాది సంప్రదాయంలో మేనమామ పిల్లలు తోబుట్టువులతో సమానం. వారితో పెళ్లి నిషిద్ధం. కనుక మేనమామ ఎన్నటికీ పిల్లనిచ్చిన మామ కాలేడు, ఒకే మాట ఇద్దరికీ సరిపోదు. ఈ భేదం చాలా పాతది. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెళ్లి చేసుకోవడం దక్షిణదేశపు ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే పేర్కొంది. దక్షిణ ఒడిశాలోని కొన్ని ఒడియా సమాజాల్లో మేనమామ కూతురిని చేసుకునే వాడుక ఉన్నప్పటికీ ఒడియా భాషలో మాము, శశుర అన్న తేడా చెరిగిపోలేదు.

ఆసుపత్రిలో, బడిలో, బ్యాంకులో ఇచ్చే ఒడియా ఫారాల్లో ‘సంబంధం’ అన్నచోట ఏమి రాయాలి?

‘మామ’ను ‘మాము’గా మార్చి రాస్తే చాలదు. భార్య తండ్రిని గాని భర్త తండ్రిని గాని సూచించాలంటే శశుర అని, తల్లి అన్నదమ్ముడైతే మాము అని, మేనత్త భర్త అయితే పిఉసా అని రాయాలి. నామినీ పేరు రాసేటప్పుడు ఇది ముఖ్యం, ఎందుకంటే శశుర స్థానంలో మాము అని నమోదైతే ఆయన తల్లి వైపు బంధువుగా లెక్కకు వస్తాడు. మేనరికం వల్ల ఒకే మనిషికి రెండు సంబంధాలూ ఉన్నప్పుడు, ఆ కాగితానికి ఏ సంబంధం అవసరమో దానినే రాయడం మంచిది. హిందీలో నింపవలసి వస్తే ఇవే వరుసగా ససుర్, మామా, ఫూఫా.

దీనికి తోడుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: మేనరికపు పెళ్లి చట్టం ముందు చెల్లుతుందా? 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల మధ్య వివాహాలను నిషేధిస్తూనే, ఇరుపక్షాలకు వర్తించే ఆచారం అనుమతిస్తే ఆ నిషేధానికి మినహాయింపు ఇచ్చింది. మేనరికాలు నిలుస్తున్నది ఆ మినహాయింపు మీదనే.

మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న తెలుగువారికి కూడా ఇదే చిక్కు ఎదురవుతుందా?

కొంత తక్కువగా ఎదురవుతుంది. మరాఠీ ఆర్యభాషే అయినా, మహారాష్ట్రలోని అనేక సమాజాల్లో మేనమామ కూతురిని చేసుకోవడం ఆమోదయోగ్యం. దాని ప్రభావం పిలుపుల మీద పడింది: కోడలు మామగారిని మామంజీ అనీ, అత్తగారిని ఆత్యాబాయీ అనీ పిలవడం సంప్రదాయ మరాఠీ కుటుంబాల్లో ఉంది. ఆత్యా అంటే మేనత్త కదా, అత్తగారిని మేనత్తగా పిలవడం మన ‘అత్త’ లెక్కకు అచ్చంగా సరిపోతుంది. మామగారికి సాస్రే అనే సొంత మాట మరాఠీలో ఉన్నప్పటికీ ఎదురుగా పిలిచేటప్పుడు దక్షిణాది పద్ధతే పైకి వస్తుంది. సిరొంచలోనో దెగ్లూర్‌లోనో ఉన్న తెలుగు ఇంటికి మరాఠీ మామా పెద్దగా కొత్తగా అనిపించకపోవడానికి ఇదే కారణం. సింహళంలో కూడా, అది ఆర్యభాషా కుటుంబానికి చెందినదే అయినా, ‘మామా’ మేనమామకూ పిల్లనిచ్చిన మామకూ కలిపి చెల్లుతుంది. భాషల కుటుంబం ఒకటై, పెళ్లిళ్ల పద్ధతి మరొకటైనప్పుడు మాట అర్థం పెళ్లిళ్ల పద్ధతి వైపే మొగ్గుతుందని ఈ రెండు భాషలూ చూపిస్తున్నాయి.

అయితే ‘మామ’ ఎవరిది? ఒడియావారు మన నుంచి తీసుకున్నారా, మనం సంస్కృతం నుంచి తీసుకున్నామా?

ఈ రెంటిలో దేనినీ గట్టిగా చెప్పే వీలు లేదు. తమిళంలో మామన్, మామా, కన్నడంలో మావ, తెలుగులో మామ, గోండీలో దీనికి సాటివచ్చే రూపం: ఇన్ని ద్రావిడ భాషల్లో ఉన్నందున ఈ మాట ద్రావిడ కుటుంబంలో చాలా పాతదని చెప్పవచ్చు. అటువైపు ఒడియాలో మాము, హిందీ, బెంగాలీ, మరాఠీ, గుజరాతీ, నేపాలీలలో మామా ఉన్నాయి. హిమాలయాల దాకా పరచుకున్న మాటను ఒడియావారు పర్లాకిమిడి సంతలో మన దగ్గర తీసుకున్నారని చెప్పడం కుదరదు.

సంస్కృతంలో మేనమామకు స్థిరమైన మాట ‘మాతుల’. అది తల్లిని చెప్పే ‘మాతృ’ శబ్దంతో ముడిపడినది. శకుని దుర్యోధనుడికి మాతులుడే, ‘శకుని మామ’ మన వాడుక. కాని కథాసాహిత్యంలో ‘మామ’ అన్న సంబోధన కనిపిస్తుంది. పంచతంత్రంలో చేపలను మోసం చేసిన కొంగను ఎండ్రకాయ ‘మామా’ అనే పలకరిస్తుంది. శాస్త్రగ్రంథాల భాషలో మాతులుడు, నోటి పలకరింపులో మామ అన్న ఈ పంపకాన్ని గమనించాలి. ఈ మాట ఇళ్లలోని పసిపిల్లల పలుకులోనుంచి పైకి వచ్చిందని, అటువంటి పలుకు రెండు కుటుంబాల్లోనూ విడివిడిగా పుట్టగలదని భావించడం నాకు సబబుగా తోస్తుంది. అరువు వెళ్లింది ఏదైనా ఉంటే అది ధ్వని కాదు, మరాఠీలోను సింహళంలోను మనం చూసిన చుట్టరికపు లెక్క.

‘మామ’, ‘అన్న’, ‘తాత’ అన్న మాటలకు చివర ‘డు’ ఎందుకు రాదు?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా పై మాటకు మంచి బలం ఇస్తుంది. తెలుగులో మగవారిని చెప్పే నామాలకు ‘డు’ చేరడం సాధారణం: తమ్ముడు, అల్లుడు, మేనల్లుడు, మనుమడు. కాని వయసులో గాని వరుసలో గాని పెద్దవారైన తాత, నాన్న, అన్న, బావ, మామలకు అది చేరదు. కొడుకు, మరిది వంటి విడి మాటలను పక్కన పెడితే ఈ విభజన చాలావరకు నిలుస్తుంది. చిన్నవారిని మనం పేరు పెట్టి పిలుస్తాము. ‘ఓ అల్లుడూ’ అనడం అరుదు. పెద్దవారిని పేరు పెట్టి పిలవకూడదు గనుక వరుసతో పిలుస్తాము. అంటే ‘డు’ లేని ఈ మాటలన్నీ మొదట పిలుపులు, ఆ తరువాతే పేర్లు. పిలుపుగా పుట్టిన మాట పిల్లల నోటికి అందేంత తేలికగా ఉండాలి. ఒకే అక్షరం రెండుసార్లు పలికితే చాలు, తాత, మామ అయిపోతాయి.

ప్రపంచంలో ఇన్ని భాషల్లో ‘మామా’ అంటే తల్లి ఎలా అయింది?

చైనా భాషలో మామా, రష్యన్‌లో మామా, ఆఫ్రికాలోని స్వాహిలిలో మామా, దక్షిణ అమెరికాలోని కెచువాలో మామా: అన్నింటిలోనూ అర్థం తల్లే. కెచువా మాట్లాడే ఆండీస్ ప్రజలు భూదేవిని పాచమామా అంటారు. ఈ నాలుగు భాషలూ నాలుగు వేరువేరు కుటుంబాలకు చెందినవి. ఐరోపావారు అమెరికాలో అడుగుపెట్టకముందునుంచే కెచువాలో ఈ మాట ఉంది. కాబట్టి ఒకచోట పుట్టి అన్నిచోట్లకూ ప్రయాణించిందన్న ఊహ నిలవదు.

భాషావేత్త రోమన్ యాకొబ్‌సన్ 1960 ప్రాంతంలో ప్రచురించిన ఒక వ్యాసంలో దీనికి వివరణ ఇచ్చాడు. అప్పటికే జార్జ్ పీటర్ మర్డాక్ అనే మానవశాస్త్రజ్ఞుడు లోకంలోని భాషలనుంచి తల్లిని చెప్పే 531 మాటలు, తండ్రిని చెప్పే 541 మాటలు, మొత్తం 1072 సేకరించి, సంబంధం లేని భాషల్లో ఇంత పోలిక ఎందుకుందో చెప్పవలసిందిగా భాషావేత్తలను కోరాడు. యాకొబ్‌సన్ చెప్పినదాని సారం ఇది: పసిబిడ్డ పలికే మొదటి అక్షరాల్లో పెదవులతో పుట్టేవే ఎక్కువ, ఎందుకంటే పెదవులు మూసి తెరవడం అన్నింటికన్నా తేలిక. తల్లి రొమ్మును పట్టుకుని ఉన్నప్పుడు నోరు మూతపడి ఉంటుంది గనుక బిడ్డ చేయగల చప్పుడు ముక్కుగుండా వచ్చే ‘మ్’ అన్న మూలుగు ఒక్కటే. ఆ మూలుగు తరువాత పాలు కనిపించినప్పుడు, ఆకలి వేసినప్పుడు, చివరకు ఏది కావాలన్నా వచ్చే శబ్దమవుతుంది. బిడ్డ దానికి ఏ అర్థమూ ఉద్దేశించకపోయినా, పక్కనున్న పెద్దలు అది తమనే పిలిచినట్లు భావించి, అదే మాటను తిరిగి బిడ్డకు నేర్పుతారు. మాటను తయారుచేసేది బిడ్డ నోరు. అర్థాన్ని అంటగట్టేది పెద్దలు.

ఈ వివరణకు మన ఇళ్లలోనే సాక్ష్యం ఉంది. ‘మమ్ము తింటావా’ అని తెలుగు తల్లి అడుగుతుంది. అక్కడ మమ్ము అంటే అన్నం. జపాన్‌లో పసిపిల్లల భాషలో ‘మమ్మ’ అంటే తిండి. తుర్కీ భాషలో ‘మామా’ అంటే చంటిబిడ్డ ఆహారం. లాటిన్‌లో ‘మమ్మా’ అంటే రొమ్ము. 1758లో జీవుల వర్గీకరణ చేసిన శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పాలిచ్చే జంతువుల వర్గానికి పెట్టిన ‘మమ్మేలియా’ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. పాలు, తిండి, రొమ్ము, తల్లి అన్నవి బిడ్డకు మొదట్లో ఒకటే అనుభవం. ఒక్కొక్క భాష అందులో ఒక్కొక్క ముక్కను ఎంచుకుని ఆ ధ్వనికి పేరుగా పెట్టుకుంది.

అలాగైతే జార్జియాలో తండ్రిని ‘మామా’ అనడం ఎలా కుదిరింది?

అర్థాన్ని అంటగట్టేది పెద్దలే అన్న మాటకు ఇది చక్కని నిదర్శనం. జార్జియన్ భాషలో మామా అంటే తండ్రి, దేదా అంటే తల్లి. ఆస్ట్రేలియా నడిమి ఎడారిలో మాట్లాడే పిచంచచర భాషలో కూడా మామా తండ్రే. జపాన్ భాషలో తల్లిని చెప్పే ‘హహ’ చాలా పూర్వకాలంలో ‘పప’గా పలికేవారని భాషాచరిత్రకారులు నిర్ధారించారు. అంత దూరం పోనక్కరలేదు. మన ద్రావిడ కుటుంబంలోనే తుళు భాషలో ‘అప్పె’ అంటే తల్లి, ‘అమ్మె’ అంటే తండ్రి. మకారం తల్లి వైపు, పకారం తండ్రి వైపు మొగ్గడం లోకంలో ఎక్కువగా కనిపించే ధోరణి మాత్రమే గాని నియమం కాదు.

దక్షిణాసియాలో ఈ ధ్వని తల్లిని వదిలి తల్లి తమ్ముడి దగ్గరకు చేరడం మరింత విచిత్రం. మన భాషల్లో తల్లి స్థానాన్ని ‘అమ్మ’, ‘మా’ వంటి మాటలు ముందే ఆక్రమించుకున్నాయి. మిగిలిపోయిన ‘మామ’ తల్లి వైపు మగవారికి దక్కింది. ఇండోనేసియాలోని మినంగ్‌కబావ్ ప్రజలకు కూడా ‘మమక్’ అంటే మేనమామ. వారిది తల్లి వైపునుంచి ఆస్తి సంక్రమించే సమాజం కనుక ఆయనకు ఇంట్లో పెద్దరికం ఎక్కువ.

కొరియాలో ‘అప్పా’, ‘ఓమ్మా’ ఉన్నాయి కాబట్టి కొరియన్, తమిళం, తెలుగు ఒకే కుటుంబమని అంటున్నారు. నిజమేనా?

ఈ వాదానికి ఎంచుకున్న సాక్ష్యమే బలహీనమైనది. పసిపిల్లల నోటిలో ఎక్కడైనా పుట్టగల మాటలు భాషల చుట్టరికాన్ని రుజువు చేయలేవు. అమ్మ, అప్ప, మామ, తాత, బాబా వంటి మాటలను భాషావేత్తలు లెక్కలోనుంచి ముందే పక్కన పెట్టడానికి కారణం అదే. ఆ లెక్కన చూస్తే రష్యన్ వంటి స్లావిక్ భాషల్లో ‘బాబా’ నాయనమ్మ లేదా ముసలమ్మ, తుర్కీలోను స్వాహిలిలోను తండ్రి. వీరందరినీ ఒకే వంశంలో కట్టేయవలసి వస్తుంది.

చుట్టరికానికి కావలసింది ఒక్క మాట పోలిక కాదు, ఒకే తీరు తేడా అనేక మాటల్లో క్రమంగా కనబడడం. కన్నడంలో కివి, తెలుగులో చెవి. కన్నడంలో కెరె, తెలుగులో చెరువు. కన్నడ, తమిళాల్లో కై, తెలుగులో చేయి. ఎ, ఇ వంటి అచ్చుల ముందు అక్కడ కకారం ఉన్నచోట మనకు చకారం వస్తోంది. మాటలు కొంత వేరుగా ఉండడమే ఇక్కడ బలం, ఎందుకంటే ఆ వేరుదనం ఒక సూత్రానికి లోబడి ఉంది. తెలుగు సంస్కృతంనుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో ఒక కుటుంబమనీ మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో చూపింది కూడా ధాతువులను, మాటలను వరుసగా పక్కపక్కన పెట్టి పోల్చడం ద్వారానే. ద్రావిడ భాషల వ్యాకరణాలను పోల్చిన కాల్డ్వెల్ గ్రంథం 1856లో రావడానికి నలభై ఏళ్ల ముందే ఆ పని జరిగింది.

వట్టి యాదృచ్ఛికం ఎంత దూరం పోగలదో తెలుసుకోవాలంటే ఆస్ట్రేలియాలోని ఎంబబరం అనే భాషను చూడాలి. అందులో కుక్కను ‘డాగ్’ అనే అనేవారు. ఇంగ్లీషు మాటతో దానికి ఏ సంబంధమూ లేదు. చుట్టుపక్కల భాషల్లోని ‘గుడగ’ వంటి రూపంనుంచి అది క్రమమైన మార్పులతో వచ్చింది. ఫారసీలోని ‘బద్’, ఇంగ్లీషులోని ‘బ్యాడ్’ రెండూ చెడ్డ అన్న అర్థమే ఇస్తాయి, ఫారసీ ఇంగ్లీషు దూరపు చుట్టాలు కూడా. అయినా ఆ రెండు మాటలకు మాత్రం చుట్టరికం లేదు.

పర్లాకిమిడి చుట్టుపక్కల వినిపించే భాషలన్నీ ఒకదానికొకటి చుట్టాలేనా?

కావు. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో మూడు కుటుంబాల భాషలు ఒకే బజారులో వినిపిస్తాయి: తెలుగు ద్రావిడం, ఒడియా ఆర్యం, సవర ముండా. ముండా భాషలు వియత్నామీస్, ఖ్మేర్ భాషలున్న ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలో ఒక శాఖ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలై పట్టణం ఒడిశాలోకి వెళ్లింది గాని, గీత మారినంత మాత్రాన ఇళ్లలోని భాషలు మారలేదు. ఆ పట్టణంలో దశాబ్దాలపాటు ఉండి, సవరలతో కలిసి వారి భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణ గ్రంథాన్ని, ఆ తరువాత నిఘంటువును వెలువరించిన గిడుగు వెంకట రామమూర్తి, పట్టణాన్ని ఒడిశాలో కలపడాన్ని నిరసిస్తూ 1936లోనే రాజమండ్రికి వెళ్లిపోయారు.

కోరాపుట్ వైపు గదబ అన్న పేరు మరింత తికమక పెడుతుంది. గదబలుగా పిలువబడే వారిలో గుతోబ్ మాట్లాడేవారిది ముండా భాష, ఒల్లారి మాట్లాడేవారిది ద్రావిడ భాష. తెగ పేరు ఒకటైనంత మాత్రాన భాషల కుటుంబం ఒకటి కానక్కరలేదు.

‘మమ అనిపించడం’లోని ‘మమ’కూ దీనికీ సంబంధం ఉందా?

లేదు. అది హ్రస్వం. సంస్కృతంలో ‘మమ’ అంటే ‘నా యొక్క’. సంకల్పంలో పురోహితుడు ‘మమ ఉపాత్త దురితక్షయ ద్వారా’ అని చెప్పించేటప్పుడు వచ్చేది అదే. అర్థం పట్టించుకోకుండా ‘మమ’ అని పలికి కర్మ ముగించుకునేవారిని చూసి, మొక్కుబడిగా పని కానివ్వడాన్ని ‘మమ అనిపించడం’ అని తెలుగువారు ఎత్తిపొడవడం మొదలుపెట్టారు. మమత, మమకారం ఈ ‘మమ’నుంచే వచ్చాయి: నాది అన్న భావం. సింహళంలో ‘మమ’ అంటే ‘నేను’, దీర్ఘంతో ‘మామా’ అంటే మామ. ఆ భాష నేర్చుకునేవారికి ఒక్క దీర్ఘం వదిలితే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

మామిడి, మామూలు, మమ్మీ అన్న మాటల సంగతి ఏమిటి?

వీటిలో ఏదీ మామకు చుట్టం కాదు. మామిడిలోని ‘మా’ ఆ చెట్టుకు పాత ద్రావిడ పేరు. మామూలు అరబ్బీనుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చింది. జరుగుతూ వస్తున్నది అని దాని అర్థం, లంచానికి ఆ పేరు రావడంలోని వెటకారం మనది. తల్లిని పిలిచే ‘మమ్మీ’ ఇంగ్లీషు బడులు తెచ్చిన పసిపలుకు. ఈజిప్టు పిరమిడ్ల ‘మమ్మీ’ మాత్రం ఫారసీలో మైనం అని చెప్పే ‘మూమ్’నుంచి అరబ్బీ మీదుగా ఐరోపాకు వెళ్లినది.

చందమామ ఎందుకు మామ అయ్యాడు?

తెలుగులో చందమామ, ఒడియాలో జహ్నమాము, హిందీలో చందామామా, తమిళంలో అంబులిమామా, మలయాళంలో అంబిలి అమ్మావన్. ఒక్కొక్క భాష తన మేనమామ పేరునే చంద్రుడికి పెట్టుకుంది. ‘మామ’కు బదులు ‘అమ్మావన్’ వాడుకలో ఉన్న మలయాళంలో చంద్రుడు కూడా అమ్మావనే కావడాన్ని గమనిస్తే, ఇది ధ్వనిని అనుకరించిన పోలిక కాదనీ, భావాన్ని పంచుకున్న పోలిక అనీ తెలుస్తుంది. పెద్దలు చెప్పే కారణం పాలకడలి కథ: లక్ష్మీదేవి, చంద్రుడు ఇద్దరూ ఆ కడలిలోనే పుట్టారు గనుక అన్నాచెల్లెళ్లు, లక్ష్మి మనకు అమ్మ, అందువల్ల చంద్రుడు మేనమామ. కథ సంగతి ఎలా ఉన్నా, తండ్రిలా గద్దించని, అడిగినది కాదనని మగ పెద్ద పిల్లలకు మేనమామే. ఒడియా ఇళ్లలోను తెలుగు ఇళ్లలోను ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

స్నేహితుల మధ్య, కొత్తవారితో ‘మామా’ అనవచ్చా?

తెలుగు కుర్రకారు ఒకరినొకరు ‘మామా’ అనుకోవడం చనువు. మరాఠీలో ‘మామా బనవణే’ అంటే మోసగించడం, వెర్రివాణ్ణి చేయడం. తమిళనాడులో తమిళం సరిగా రానివారు వీధిలో కొత్త మనిషిని ఆ పిలుపుతో పిలవకపోవడమే మేలు, ఆ మాటకు అక్కడ తార్పుడుగాడు అన్న నీచార్థం కూడా ఉంది. ఒడియాలో నడివయసు మనిషిని ‘మాము’ అని గౌరవంగా పలకరించవచ్చు, కాని ‘మఉసా’ మరింత నిరపాయం.

మా పిల్లవాడు తెలుగులో మాట్లాడుతూ కూడా మేనమామను ‘మాము’ అంటున్నాడు. సరిదిద్దాలా?

మేనమామ విషయంలో తొందరపడనక్కరలేదు. అర్థం ఒకటే, పలుకు మాత్రమే ఒడియాది. సరిదిద్దవలసినది దానికి వెనుకనున్న మరొక అలవాటు. ఒడియాలో ఆలోచించే పిల్లలు మేనత్త భర్తను మామయ్య అనడం మానేసి, తెలుగులో కూడా పిఉసా అనో అంకుల్ అనో అంటున్నారు. అలా అన్నప్పుడు ఆయన పిల్లలు బావ, మరదలు, వదిన అన్న వరుసలోనుంచి జారిపోయి అన్నయ్య, చెల్లెలు అవుతారు. పెళ్లి సంబంధాల మాట వచ్చినప్పుడు ఇంటి పెద్దలు ఒక వరుస చెబుతుంటే పిల్లలు మరొక వరుసలో ఉంటారు. కాబట్టి ముందుగా నేర్పవలసినది ‘మేనత్త మొగుడు మామయ్య’ అన్న జత. ఒడియాలో మాట్లాడేటప్పుడు ఆయననే పిఉసా అనవచ్చునని దాని పక్కనే చెబితే చాలు, పిల్లలు రెండు లెక్కలనూ కలగలపకుండా నడుపుకోగలరు.